టీకాల వరుస: ముందెవరికి?

మందు కొంచెము, కోరువారు పెక్కుమంది అయినపుడు ముందెవరికీయవలెనను ప్రశ్న తప్పదు. వరుస లేనిచోట బలవంతుడు ముందునకు వచ్చును, నిస్సహాయుడు వెనుకబడును. ఆ వరుసకు వయస్సే ప్రధానమైన కొలతగా నుండుట న్యాయమని నా అభిప్రాయము.

కోవిడ్ అందరికిని సోకునుగాని అందరిని సమానముగా బాధింపదు. వయస్సు పెరిగినకొలది ప్రాణాపాయము హెచ్చును. పైగా వయస్సును నిర్ణయించుట సులభము. సిఫార్సులకు తావు తక్కువ. మన దేశమున 2021 జనవరి 16న వైద్యసిబ్బందితో ఈ కార్యక్రమము ఆరంభమయ్యెను. రోగిని తాకువారికి రక్షణ లేనిచో చికిత్స చేయువారే కరవగుదురు గదా! మార్చి 1 నుండి 60 ఏండ్లు నిండినవారికిని, దీర్ఘవ్యాధులు గల 45–59 ఏండ్లవారికిని, ఏప్రిల్ 1 నుండి 45 నిండిన వారందరికిని, మే 1 నుండి 18 నిండినవారికిని అది విస్తరింపబడెను.

వరుస సరియైనదే. కాని దానిని ప్రకటించుట వేరు, నెరవేర్చుట వేరు. రెండవ విజృంభణ తీవ్రముగానున్న ఆ మే మాసమున, పెద్దలలో అనేకులకు టీకా అందకమునుపే తరువాతి వర్గమునకు ద్వారము తెరువబడెను. 18–44 ఏండ్లవారు తొలుత కోవిన్ ద్వారానే పేరు నమోదు చేసికొనవలసి యుండెను. మంచి ఫోను గలవానికి చోటు చిక్కెను. లేని కూలివాడు వెనుకబడెను. మే 24న గాని, ప్రభుత్వ కేంద్రములకు నేరుగా వచ్చినవారిని నమోదు చేయుటకు అనుమతి లభింపలేదు. నవంబరులో 'హర్ ఘర్ దస్తక్' పేర సిబ్బంది ఇంటింటికి పోయిరి. ఈ పని తొలిదశయందే జరుగవలసినది.

వరుసను పట్టుకొని కూర్చున్నచో మందు వ్యర్థమగునని కొందరందురు. కోవిషీల్డ్ సీసాలో పది మోతాదులుండును. తెరచిన పిదప కొలది గంటలలో వాడవలెను. దినాంతమున మిగిలినదానిని ఎదుటనున్నవానికి వేయుట ఉచితమే. అంతమాత్రమున వృద్ధులను వెదకు బాధ్యత తీరదు.

మశూచి నేర్పిన పాఠమును మరువరాదు. 1962లో ఆరంభమైన జాతీయ నిర్మూలన కార్యక్రమమున టీకాల లెక్క పెరిగెను గాని వ్యాధి పోలేదు. సులభముగా దొరకినవారికే మరల మరల టీకాలు పడెను. ఇల్లిల్లు వెదకి, రోగి చుట్టుపట్లవారికెల్ల టీకాలు వేసిన పిదపనే 1975లో అది దేశమును విడిచెను.

కావున మరల అట్టి అవసరము కలిగినచో, ప్రతి గ్రామమునకు వయస్సువారీ పట్టిక ముందే సిద్ధము కావలెను. మంచము దిగలేనివారికి ఇంటివద్దనే టీకా వేయవలెను. ఒక వర్గములో ఎందరికి అందెనో ప్రజలకు తెలిపిన పిదపనే మరియొక వర్గమును పిలువవలెను. ప్రజలకును విధి కలదు: తన వంతు వచ్చువరకు ఓపికపట్టి, ఇంటి పెద్దలను ముందుగా కేంద్రమునకు తోడ్కొనిపోవుట. అశక్తునకు చేరినపుడే టీకా దేశమంతటికి చేరినట్లు.