కొలువు లేని చోట నిధులెక్కడివి?

సైన్సు, ఇంజినీరింగు చెప్పే యువ అధ్యాపకుల పరిశోధనకు కేంద్రం దగ్గర పైసలున్నయి. అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ 2024లో ప్రకటించిన ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటు కింద ఒక్కొక్కరికి మూడేళ్లకు 60 లక్షల దాకా ఇస్తరు. అంతకు ముందున్న స్టార్టప్ గ్రాంటు రెండేళ్లకు 30 లక్షలే. సంతోషం. కానీ దరఖాస్తు పెట్టాలంటే రెగ్యులర్ కొలువుండాలె. వయసు 42 దాటొద్దు, కొన్ని వర్గాలకు కొంత సడలింపు.

మన పేచీ ఇక్కడనే. 2014లో రాష్ట్రం వచ్చినంక కూడా ఉస్మానియా, కాకతీయల్లో రెగ్యులర్ నియామకాలు ఏండ్ల తరబడి జరగలేదు. పీహెచ్‌డీ పట్టా చేతిలో ఉన్నోళ్లు కాంట్రాక్టు మీద, పార్ట్‌టైం మీద పాఠాలు చెప్పుకుంటనే నలభైకి చేరిండ్రు. పేపర్లు దిద్దేందుకు పనికొచ్చే వీళ్లు ప్రాజెక్టు రాసేందుకు మాత్రం అధ్యాపకులు కారట! ఆలస్యంగా కొలువిచ్చినా అప్పటికి గ్రాంటు వయసు దాటిపోతది.

నిధులు, నియామకాలు అని ఉద్యమంలో వేర్వేరుగా లెక్కపెట్టినం. యూనివర్సిటీలో రెండూ ఒకటే. ప్రతి ఖాళీకీ భర్తీ తేదీ రాష్ట్రం చెప్పాలె. కాంట్రాక్టులో కరిగిన ఏండ్లను వయోపరిమితి నుంచి కేంద్రం మినహాయించాలె.