బండి అద్దం మీది సున్నపు మరకలు

బోరు నీళ్లతో బండి కడిగి ఎండకు వదిలేస్తే అద్దం నిండా తెల్లని చుక్కలు మిగులుతాయి. తడి బట్టతో తుడిస్తే పోయినట్టే ఉంటాయి, ఆరగానే మళ్లీ తేలుతాయి. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో ఇది చాలా ఇండ్ల ముందున్న సమస్య. ఒకప్పుడు ఊరికి ఒకటో రెండో జీపులుండేవి. ఇప్పుడు పిల్లలను బడికి చేర్చే ఆటో, కూరగాయలు మార్కెట్టుకు మోసే ట్రాలీ, కిరాయికి తిప్పే కారు ఎన్నో కుటుంబాలకు బతుకుదెరువయ్యాయి. గనుక ఈ నెల మన శీర్షికలో ఈ సంగతే వివరంగా చెప్పదలచాము.

ముందుగా ఒక మాట గుర్తుంచుకోండి. ఈ మరక మురికి కాదు, రాయి. మురికిని సబ్బు తీస్తుంది, రాయిని సబ్బు తీయలేదు. దానికి పులుపు కావాలి, ఓపిక కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆలస్యం చేయకూడదు.

ఈ మరక ఎక్కడిది?

వాన నీరు భూమిలోకి దిగేటప్పుడు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెం పులుపెక్కుతుంది. ఆ నీరు రాళ్ల సందులలో నిలిచి కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. మంచిర్యాల, దేవాపూర్, బసంత్‌నగర్‌లలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలసింది ఆ చుట్టుపక్కల సున్నపురాయి ఉన్నందువల్లనే. కరీంనగర్ చుట్టూ ఉన్నది గ్రానైటు. అది సున్నపురాయి కాకపోయినా, అందులోని ఖనిజాలు కాలక్రమాన చివికి నీటికి కాల్షియాన్ని ఇస్తాయి. అందుకే అక్కడా ఇక్కడా ఎన్నో బోర్ల నీళ్లకు సబ్బు నురగ సరిగా రాదు, పప్పు తొందరగా ఉడకదు, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లని పెచ్చు కడుతుంది.

లవణం నీటిలో కరిగి ఉన్నంతసేపు కంటికి కనబడదు. చుక్క ఆరినప్పుడు నీరు ఆవిరైపోతుంది, వాయువు గాలిలో కలుస్తుంది, సున్నం మాత్రం అద్దాన్ని పట్టుకుంటుంది. వేసవిలో కూలరు గడ్డి మీద పట్టే తెల్లని పొర కూడా ఇదే.

ఎంత సున్నం ఉంటుందో ఒక లెక్క చూడండి. 2012లో సవరించిన భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. ఆ 600 ఉన్న నీళ్లు 20 లీటర్ల బకెట్టెడు తీసుకుంటే, సున్నపురాయి లెక్కన అందులో 12 గ్రాములు ఉన్నట్టు. బండి కడిగిన ప్రతిసారీ అందులో కొంత అద్దం మీద మిగిలిపోతున్నది.

పైమరక, లోమరక

మరకలు రెండు రకాలు. పైమరక అద్దం మీద కూర్చున్న పొర మాత్రమే. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన అద్దం మీద గోరుతో మెల్లగా రాస్తే గరుకుగా తగులుతుంది. ఇది ఇంట్లో ఉన్న వస్తువులతోనే పోతుంది.

లోమరక అలా కాదు. గాజులో ఇసుకతో పాటు సోడా కూడా ఉంటుంది. నీటి చుక్కలు మాటిమాటికీ ఒకే చోట పడి నిలుస్తుంటే ఆ సోడా కొంచెం కొంచెంగా నీటిలోకి దిగుతుంది. ఆ నీరు క్షారమై గాజునే తింటుంది. అప్పుడు మిగిలేది పొర కాదు, సన్నని గుంట. పులుపు పెట్టి రెండు మూడుసార్లు తుడిచి, చేతికి నున్నగా తగులుతున్నా వలయం కనబడుతూనే ఉంటే అది లోమరక అని తెలుసుకోవాలి. గుంటను ఏ పులుపూ పూడ్చలేదు. ఆలస్యం వద్దని చెప్పింది ఇందుకే.

తీసే పద్ధతి

1. ఉదయం గానీ సాయంత్రం గానీ బండిని నీడలో పెట్టండి. అద్దం చేతికి చల్లగా తగలాలి. కాలిన అద్దం మీద ఏది పోసినా క్షణంలో ఆరి కొత్త మరక అవుతుంది.

2. ముందు ఎక్కువ నీళ్లు పోసి దుమ్మును పారనివ్వండి, తరువాత సబ్బు నీళ్లతో కడగండి. గోదావరిఖని, శ్రీరాంపూర్, బెల్లంపల్లి వంటి గనుల ప్రాంతాలలో బొగ్గు దుమ్ము, రామగుండం వైపు బూడిద, సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర సిమెంటు దుమ్ము పడుతుంటాయి. వాటిని పొడి బట్టతో తుడిస్తే అద్దం మీద గీతలు పడతాయి.

3. తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలపండి. వెనిగర్ లేకపోతే కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు ఒక చిన్న చెంచాడు గ్లాసు నీళ్లలో కరిగించండి. వడకట్టిన నిమ్మరసమైనా పనికి వస్తుంది. చింతపండు ఇత్తడి గిన్నెలకు మంచిదే గానీ బండికి వద్దు. దాని గుజ్జు, ఈనెలు రబ్బరు సందులలో ఇరుక్కుంటాయి.

4. మెత్తని నూలు బట్టను అందులో ముంచి మరక మీద పరచండి. మూడు నుండి ఐదు నిమిషాలు ఉంచండి. ఆరిపోతున్నట్టుంటే మళ్లీ తడపండి. పులుపు సున్నాన్ని కరిగించడానికి ఆ వ్యవధి అవసరం. చేతి బలం కన్నా ఇక్కడ నిదానమే ఎక్కువ పని చేస్తుంది.

5. మెల్లగా రుద్ది, వెంటనే నీళ్లతో కడగండి. పులుపు రంగు మీదికి గానీ వైపరు రబ్బరు మీదికి గానీ కారితే అక్కడ కూడా నీళ్లు పోయండి. పాత మరకకు ఇదే పని రెండు మూడుసార్లు చేయవలసి రావచ్చు.

6. చివరగా ఒక చెంబెడు మంచినీళ్లు పోసి, పాత నూలు పంచెతో పూర్తిగా ఆరేవరకు తుడవండి. ఈ చివరి పని మానితే ముందు చేసిన ఐదూ వృథా.

లోమరకకు మిగిలిన దారి సానబట్టడమే. అద్దాలకు మెరుగు పెట్టేవారు సీరియం ఆక్సైడ్ అనే పొడిని నీళ్లతో కలిపి మెత్తని ఉన్ని బిళ్లతో రుద్దుతారు. ముందు అద్దానికి ఈ పని తెలిసినవారి చేతనే చేయించాలి. ఒకేచోట ఎక్కువగా రుద్దితే అక్కడ అద్దం వంకరై రోడ్డు అలలాడినట్టు కనబడుతుంది. వేడెక్కితే పగులుతుంది కూడా. మరక మరీ లోతుగా ఉంటే అద్దం మార్చుకోవడమే క్షేమం.

గిన్నెలు తోమే బూడిద, ఇటుక పొడి, కొబ్బరి పీచు, ఇనుప పీచు, గరుకు కాగితం – వీటిలో ఏదీ బండి అద్దానికి తగలకూడదు. మరక పోతుందేమో గానీ గీతలు శాశ్వతంగా ఉంటాయి.

యాసిడ్ జోలికి పోవద్దు

ఇక్కడ మా పాఠకులను గట్టిగా హెచ్చరించవలసి ఉన్నది. బాత్రూము కడిగే యాసిడ్ మరకను తొందరగా తీస్తుందని కొందరు వాడుతున్నారు. అది సున్నంతో పాటు బండి రంగును, అల్యూమినియం పట్టీలను, మెరుగు పూతను కూడా తింటుంది. దాని పొగ ఊపిరితిత్తులకు హాని. యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడూ కలపకండి. విషవాయువు పుడుతుంది.

దీనికన్నా భయంకరమైనది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. గాజును కరిగించే గుణం దీనికి ఉన్నది. మరకలు, తుప్పు తీసే కొన్ని మందులలో ఇది ఉంటుంది. పలచగా ఉన్నది చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు. కొన్ని గంటల తరువాత నొప్పి మొదలయ్యేసరికి అది లోపలికి దిగి ఎముకను పట్టి ఉంటుంది. ఒంటిలోని కాల్షియాన్ని లాగేసి గుండెను ఆపగలదు కూడా. పడిందని తెలిసిన వెంటనే ఎక్కువ నీళ్లతో కడిగి, తడిసిన బట్టలు తీసేసి, నొప్పి లేకపోయినా ఆసుపత్రికి పోవాలి. ఏ యాసిడో పేరు డాక్టరుకు తప్పక చెప్పాలి. దీనికి కాల్షియం గ్లూకోనేట్ అనే మందు వేరే ఉన్నది.

ఈ మాట ముఖ్యంగా ఎవరికంటే, వాటర్ సర్వీసింగ్ షాపులలో పనిచేసే మన పిల్లలకు. "తమ్మీ, అద్దం తళతళ మెరవాలె" అంటాడు బండి యజమాని. "సరే అన్నా" అని పిల్లవాడు పేరు లేని సీసా తీసి, తొడుగు లేని చేతితో రుద్దుతాడు. బండ్లు ఇచ్చే పెద్దలారా, మీరు ఒక్క మాట అడగండి: "ఆ సీసాలో ఏమున్నది తమ్మీ? చేతికి తొడుగులేవి?" ఆ మాటకు ఖర్చు లేదు, ఒక చెయ్యి దక్కవచ్చు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపుల నుండి గల్ఫ్ దేశాలకు పోయి కార్లు కడిగే పనిలో ఉన్నవారి ఇంటివారు కూడా ఫోను చేసినప్పుడు ఈ సంగతి చెప్పాలి.

ఇంట్లో ఏ యాసిడ్‌నైనా కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టకండి. పిల్లలకు సీసానే తెలుస్తుంది, అందులో ఏమున్నదో తెలియదు.

రాత్రి ప్రయాణం

మరక ఉంటే ఏమిటి, బండి నడుస్తుంది కదా అనేవారున్నారు. పగలు నిజమే, పెద్దగా తెలియదు. రాత్రి ఎదుటి లారీ దీపం పడగానే ప్రతి చుక్కా ఒక చిన్న దీపమై వెలుతురును చెదరగొడుతుంది. అద్దమంతా తెల్లబారి కొన్ని క్షణాలు ముందున్నది కనబడదు. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటిపోతుంది.

రాజీవ్ రహదారి మీద గానీ, నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ మలుపులలో గానీ, మన ఊరి రోడ్ల మీద గానీ చీకట్లో ఎవరెవరుంటారో మనకు తెలుసు. దీపం లేని ఎడ్లబండి ఉంటుంది. కోతల కాలంలో రోడ్డు అంచున ఆరబోసిన వడ్లు, వాటి పక్కన కావలి పడుకున్న రైతు ఉంటాడు. పొలం నుండి నడిచి వచ్చే తల్లులుంటారు. వారు ఏ బండికీ యజమానులు కారు. అయినా మన అద్దం శుభ్రంగా ఉండటం మీద వారి ప్రాణం ఆధారపడి ఉన్నది.

ఒక పరీక్ష చేయండి. చీకటి పడ్డాక బండిలో కూర్చుని అద్దంలో నుండి దూరపు వీధి దీపాన్ని చూడండి. దీపం చుట్టూ పొగమంచులాంటి వెలుగు కనబడితే అద్దం లోపల, బయట శుభ్రం చేసి మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే మరక లోపలికి దిగినట్టే. అద్దం సంగతి తేలేవరకు రాత్రి ప్రయాణం తగ్గించుకోండి.

మరక పడకుండా

చివరి చెంబెడు మాత్రం బోరు నీళ్లు కాకుండా చూసుకోండి. పైకప్పు మీది దుమ్ము మొదటి జల్లుకు పోయాక పట్టిన వాన నీరు అన్నిటికన్నా మంచిది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నల్లా నీళ్లు నదులు, జలాశయాల నుండి వచ్చేవి గనుక సాధారణంగా బోరు నీళ్ల కన్నా మెత్తన. అవి తాగడానికి ఇచ్చినవి, కాబట్టి బండికి చెంబెడు చాలు.

ఊరి ఆర్.ఓ. ప్లాంటు బయటికి వదిలే నీళ్లతో బండ్లు కడుగుతుంటారు. ఆ ప్లాంటు మంచినీళ్లలో నుండి తీసిన లవణమంతా ఆ వదిలే నీళ్లలోనే ఉంటుంది. అవి బోరు నీళ్ల కన్నా ఎక్కువ మరక చేస్తాయి.

ట్యాంకు నిండి పొర్లే చోట, పొలంలో నీళ్లు చిమ్మే చోట బండి నిలపకండి. వైపరు నీళ్ల డబ్బాలో బోరు నీళ్లు పోయకండి. బ్యాటరీకి తెచ్చే డిస్టిల్డ్ వాటర్ అందులో పోస్తే రంధ్రాలు పూడుకుపోవు. వైపరు రబ్బరు అంచున తెల్లని పెచ్చు కట్టితే తడి బట్టతో తుడవండి, రబ్బరు గట్టిపడితే మార్చండి.

ఇవన్నీ కుదరని ఇంట్లో కూడా ఒక్కటి కుదురుతుంది. కడిగిన వెంటనే తుడవడం. ఆరకముందు తుడిచిన చుక్క మరక కాదు. బండి కడిగేవారి భుజం మీద ఒక పొడి పంచె ఉంటే, పైన చెప్పిన వెనిగరు, నిమ్మ ఉప్పుల అవసరమే చాలావరకు రాదు.