ఇంటి ప్రింటరును, దాని మాటలును

నేడు మన విద్యార్థుల యిండ్లు పెక్కింటిలో ప్రింటరు చేరినది. హాల్‌టికెట్టు, ప్రాజెక్టు పుటలు, ఆదివారపు బడి పాటల కాగితములు ఇంటనే అచ్చగుచున్నవి. ఐనను ఆ యంత్రము ఒకనాడు పలుకకున్నచో ఇంటివారు చేయునవి రెండే: దానిని ఆర్పి మరల వెలిగించుట, లేదా బాగుచేయువానికి కబురంపుట. వచ్చినవాడు ఐదు నిమిషములలో నేదియో నొక్కి, రుసుము పుచ్చుకొని పోవును. ఏమి నొక్కెనని యెవరును అడుగరు. అడుగుటకు వలయు మాటలే వారియొద్ద లేవు. ఈ లోపమును పాఠశాలయే తీర్పవలెనని మా యభిప్రాయము.

ఆ మాటలు పదికి మించవు. మొదటిది రౌటరు. ఇంటిలోని ఫోనులు, కంప్యూటరు, ప్రింటరు ఒకదానితో నొకటి మాటలాడుటకు నడుమ నిలుచు పెట్టె యిది. ఇంటిని బయటి ఇంటర్నెట్టుతో కలుపునదియు నిదియే. ఇచ్చట ననేకులు పొరబడుదురు. బయటి సంబంధము తెగినను, రౌటరు వెలుగుచున్నంతవఱకు ఇంటి కంప్యూటరునుండి ఇంటి ప్రింటరునకు కాగితము సాధారణముగా పోవును. వైఫై వేఱు, ఇంటర్నెట్టు వేఱు. బయటి సంబంధము లేనిదే పనిచేయని ప్రింటరులును కొన్ని అమ్మకమున నున్నవి. వానిని మేము మెచ్చము.

రెండవది ఐపీ చిరునామా. 1981వ సంవత్సరపు నియమము ననుసరించి ఇది చుక్కలతో వేఱుచేయబడిన నాలుగు సంఖ్యలు. ఒక్కొక్కటి 0 మొదలు 255 వఱకు నుండవచ్చును. మన యిండ్లలో నిది తఱచుగా 192.168 తో మొదలగును. ఇట్టి సంఖ్యలు లోపలి వాడుకకే ప్రత్యేకింపబడినవి గనుక, పొరుగింటి ప్రింటరునకు నదే చిరునామా యున్నను చిక్కు లేదు.

ఈ చిరునామాను పంచు పద్ధతికి డీహెచ్‌సీపీ యని పేరు. పేరు కఠినమే గాని పని మన హాస్టలు పిల్లలెఱిగినదే. వార్డెనుగారు వచ్చినవారికి వచ్చినట్లు మంచము చూపుదురు. సెలవులకు పోయి వచ్చినవానికి పాత మంచమే దొరకునను నిశ్చయము లేదు. రౌటరును అట్లే. నిన్న 5 అంకెతో నున్న ప్రింటరు, కరెంటు పోయి వచ్చిన పిదప నేడు 9 అంకెకు మాఱవచ్చును. కంప్యూటరు పాత మంచముకడకే పోయి పిలుచును, జవాబు రాదు, తెరపై "ఆఫ్‌లైన్" అని పడును. యంత్రము చెడలేదు, చిరునామా మాఱినది. పరీక్షకు ముందురాత్రి హాల్‌టికెట్టు రాక కుటుంబములు కలవరపడుటకు ఇదియు నొక కారణము. దీనికి మందు రౌటరులోనే కలదు. ప్రతి యంత్రమునకు కర్మాగారమునందే పండ్రెండు అక్షరాంకెల మ్యాక్ చిరునామా యీయబడును. బాప్తిస్మమునాటి పేరువలె నది వెంట నుండును. ఆ పేరుగలదానికి ఈ మంచమే యని రౌటరులో నొకమాఱు వ్రాసియుంచిన చాలును.

తరంగముల సంగతి త్వరగా చెప్పుదుము. పెక్కు ప్రింటరులు 2.4 గిగాహెర్ట్జులనే వినును. 5 గిగాహెర్ట్జుల వైఫై పేరు వానికి కనబడదు. అతిథుల వైఫైలో చేరిన ఫోనునకును ప్రింటరు సాధారణముగా కనబడదు. అది దోషము కాదు, కాపుదల.

ఈ మాటలన్నిటికి సంస్కృతపదములు కల్పింపవలెనని కొందఱందురు. రౌటరును మార్గదర్శకయంత్రమన్నంత మాత్రమున దాని పని యెవరికిని తెలియదు. పని తెలిసినచో పేరు ఏ భాషదైనను నోటికి వచ్చును.

ఒకే కంప్యూటరుగల యింటికి ఇంత యేల యని తల్లిదండ్రులు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అట్టి యింటికి యూఎస్‌బీ తీగ చాలును. వైఫై ప్రింటరునకై యెక్కువ సొమ్ము వెచ్చింప నక్కఱలేదు. వైఫై వాడువారు మాత్రము రౌటరుతో వచ్చిన సంకేతపదమును మార్చి, క్రొత్తదానిని ఇంటి పెద్దలకును తెలుపవలెను.

మా పాఠశాల కంప్యూటరు గదిలో ఏడాదికి రెండు పీరియడులు దీనికి కేటాయింపవలెనని కోరుచున్నాము. పిల్లలు తమ యింటి యంత్రముల పటమును గీసి, ఒక్కొక్కదాని చిరునామాను ప్రక్కన వ్రాసి తేవలెను. ప్రింటరు చిరునామా దాని సెట్టింగుల పుటలోనే అచ్చుపడును, దానితో మొదలిడవచ్చును.