ముందు మందులు, తర్వాతే పిండివంటలు

ప్రతి సంవత్సరం సంక్రాంతి వెళ్ళిన వారం మన ఆసుపత్రి ఓ.పి. వరండాలో ఒకే రకమైన మాటలు వినబడతాయి. "షుగరు పెరిగిందండీ", "కాళ్ళు వాచాయి సిస్టరమ్మా", "పిల్లవాడికి నిన్నటి నుంచి విరేచనాలు". ఏం తిన్నారని అడిగితే చాలామంది నవ్వి, "పండుగలు కదండీ" అంటారు. ఆ మధ్య ఒక తల్లి మాత్రం నవ్వలేదు. బి.పి. బిళ్ళలు మూడు వారాలుగా వేసుకోవడం లేదని మెల్లగా చెప్పింది. మందులకు ఉంచిన డబ్బుతో నూనె డబ్బా, బెల్లం, పిల్లలకు బట్టలు కొన్నదట. "పండుగనాడు పొయ్యి మీద బాణలి పెట్టకపోతే నలుగురూ ఏమనుకుంటారమ్మా?" అని మమ్మల్నే అడిగింది.

ఆ రోజు మేము ఆమెకు సరైన జవాబు చెప్పలేకపోయాము. ఇప్పుడు రాస్తున్నది ఆ జవాబే.

"పండుగ ఏడాదికి ఒక్కరోజే కదా, ఆ ఒక్కరోజూ నోరు కట్టుకోమంటారా?" అని మీరు అడగవచ్చు. నిజంగా ఒక్కరోజే అయితే మేము ఈ మాటలు రాసేవాళ్ళం కాదు. కాని ఒక్కసారి లెక్క చూడండి. డిసెంబరు మొదట్లోనే సెమీ క్రిస్మస్ కూడికలు ఆరంభమవుతాయి. తర్వాత క్రిస్మస్, 31 రాత్రి ఆరాధన, కేకు, జనవరి 1 విందు. అంతలోనే భోగి, సంక్రాంతి, కనుమ. ఇరుగుపొరుగు పంపిన అరిసెలకు, జంతికలకు బదులుగా మనమూ పంపాలి. ఒక్కరోజు అనుకున్నది ఆరు వారాలవుతుంది. ఆరు వారాలు ఉప్పు, నూనె, తీపి అదుపు తప్పితే షుగరు, బి.పి. ఉన్నవారి శరీరం ఊరుకోదు. ఆరు వారాలు ఖర్చు అదుపు తప్పితే తెచ్చిన అప్పు ఉగాదికి కూడా తీరదు. అప్పు చేసి పప్పుకూడు అని పెద్దలు ఊరికే అనలేదు.

అందుకని పండుగ మానుకోమని మేము చెప్పడం లేదు. పిల్లలు ఏడాదంతా ఎదురుచూసే రోజు అది. పండుగ వంటను మళ్ళీ ఇంటికి, ఋతువుకు, మన చేతిలో ఉన్న డబ్బుకు తగినట్టు తెచ్చుకుందామనే మా అభిప్రాయం.

మొదట నూనె సంగతి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో, 2000 కిలోకేలరీల భోజనానికి నూనె, నెయ్యి కలిపి రోజుకు 27 గ్రాములు చాలని చూపింది. అంటే నలుగురున్న ఇంటికి నెలకు దాదాపు మూడున్నర లీటర్లు. పండుగ వారంలోనే అయిదు లీటర్ల డబ్బా ఖాళీ అయితే ఆ నూనె ఎవరి ఒంట్లోకి వెళ్ళినట్టు? పైగా కాచిన నూనెలోనే కొత్త నూనె పోసి మూడు నాలుగు రోజులు వేయించడం చాలా ఇళ్ళలో చూస్తున్నాము. అది పొదుపు కాదు, హాని. ఒకసారి వేయించగా మిగిలిన నూనెను వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరల పోపులకు వాడేయండి. మళ్ళీ బాణలిలో పోసి వేయించవద్దు.

నూనె తగ్గితే రుచి పోతుందనుకోకండి. గారెలకు రుబ్బిన మినప్పిండిలోనే సగం తీసి ఆవిరి కుడుము వేయండి. అల్లప్పచ్చడితో తింటే పిల్లలు ఇంకోటి అడుగుతారు. నాలుగు రకాల పిండివంటల బదులు రెండు చాలు. అరిసెలు వండితే బాగా నొక్కి నూనె తీయండి. రెండవ రకంగా సున్నుండలో, నువ్వుల ఉండలో, వేరుశనగ ఉండలో చేసుకోండి. వీటికి వేయించే నూనె అక్కరలేదు. మినుముల్లో, వేరుశనగలో మాంసకృత్తులు, నువ్వుల్లో కాల్షియం ఉన్నాయి. కాని ఒక హెచ్చరిక. "బెల్లమేగా, పంచదార కాదుగా" అని షుగరు ఉన్నవారు మమ్మల్ని తరచు అడుగుతారు. బెల్లం కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది. నోరు ఊరుకోకపోతే చిన్న ఉండ ఒకటి, భోజనంతో పాటు, అంతే.

ఇక కూరగాయలు. ఈ రెండు నెలలూ బీదవాడి ఇంట కూడా పండుగ చేసుకోదగిన నెలలు. చిక్కుడు, వంకాయ, టమాటా, ముల్లంగి, కాలీఫ్లవర్, పచ్చిబఠాణీ, తోటకూర, పాలకూర, మెంతికూర సాధారణంగా ఈ రోజుల్లోనే తాజాగా, చవకగా దొరుకుతాయి. దొడ్లో పాదు పెట్టినవారికి గుమ్మడికాయలు చేతికి వస్తాయి. గుమ్మడికాయ దప్పళం, చిక్కుడుకాయ కూర, కొత్త బియ్యపు పులగం కంటే ఘనమైన పండుగ భోజనం ఏముంది? సజ్జలు పండే ప్రాంతాలలో సంక్రాంతి రోజుల్లో నువ్వులద్దిన సజ్జ రొట్టెలు కాలుస్తారు. ఆ అలవాటును పోగొట్టుకోకండి. యాపిల్ పండ్లు కొనలేకపోయామని చిన్నబోవద్దు. ఒక మాదిరి జామకాయలోనే పెద్దవారికి ఒక రోజుకు చాలినంత సి విటమిను ఉంది.

మాంసం లేనిదే పండుగేమిటని ఇంటి యజమానులు అంటారు. సరే, తెండి. కాని పూర్వం మన తల్లులు అరకిలో మాంసంతో పదిమందికి ఎలా పెట్టారో జ్ఞాపకం చేసుకోండి. గోంగూరతో, దోసకాయతో, సొరకాయతో కలిపి వండేవారు. హైదరాబాదు ఇళ్ళలో శనగపప్పు, సొరకాయ వేసి దాల్చా చేస్తారు. రుచి మాంసానిది, కడుపు నింపేది పప్పు, కూరగాయలు. ఖర్చూ తగ్గుతుంది, కొవ్వూ తగ్గుతుంది. అదీ కుదరని ఇంట కోడిగుడ్ల పులుసు పెడితే తక్కువేమీ కాదు. ఒక్కొక్క గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి.

సంఘ పెద్దలకు కూడా ఒక మనవి. మన ప్రేమవిందులు ఏటేటా పెద్దవవుతున్నాయి. పోయిన సంవత్సరం ఆ సంఘం వారు చికెన్ పెట్టారని ఈ సంవత్సరం మనం మటన్ పెట్టాలనే పోటీ వచ్చింది. చందా ఇవ్వలేని కుటుంబం ఆ రోజు ఇంట్లోనే ఉండిపోతుంటే దానిని ప్రేమవిందు అని ఎలా అందాము? పశువుల పాకలో పుట్టినవాని పండుగకు అన్నం, పప్పు, ఒక కూర, పెరుగు సరిపోవా? చందా బదులు ఒకరు చిక్కుడుకాయలు, ఒకరు శేరు బియ్యం, ఒకరు రెండు గంటల పని ఇవ్వనివ్వండి. ఇంకొక సంగతి. రాత్రి వండిన అన్నాన్ని, బిర్యానీని మరునాడు మధ్యాహ్నం వరకు గుండిగలలోనే ఉంచి వడ్డించవద్దు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అందులో ఒక రకం సూక్ష్మజీవి పెరిగి విషపదార్థాన్ని తయారుచేస్తుంది. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. విందు మరునాడు పిల్లలు వాంతులతో మా దగ్గరకు రావడానికి ఇదీ ఒక కారణం.

మందుల విషయం చివర చెబుతున్నా, చేయవలసింది మొదటే. డిసెంబరు జీతమో కూలీయో చేతికి రాగానే ముందు రెండు నెలల బిళ్ళలు, ఇన్సులిన్ కొని పెట్టండి. తర్వాత పప్పులు, బియ్యం. మిగిలినదానితో బట్టలు, పిండివంటలు. విందు తిన్నామని ఆ రోజు బిళ్ళ మానవద్దు, రెండు కలిపి మింగనూ వద్దు. ఊరు వెళ్ళేటప్పుడు మందుల సంచి బట్టల సంచి కంటే ముందు సర్దుకోండి.

బాణలి పెట్టకపోతే నలుగురూ ఏమనుకుంటారని అడిగిన ఆ తల్లికి ఇప్పుడు మేము చెప్పగలిగింది ఇదే. అమ్మా, ఆ నలుగురూ ఒక రోజు అనుకొని మరచిపోతారు. నీవు మంచాన పడితే నీ పిల్లలకు వండి పెట్టేవారెవరు? వచ్చే పండుగకు నీ పొయ్యి వెలగాలంటే ఈ పండుగకు నీ బిళ్ళలు ఆగకూడదు. పొయ్యి మీద ఆవిరి కుడుము గిన్నె పెట్టు. ఆ ఆవిరి వాసనకే వీధిలో అందరికీ తెలుస్తుంది, మీ ఇంట్లోనూ పండుగేనని.