ఇజాజత్ ఆఖరి గడియలోనా?

మన నికాహ్‌లలో ఖాజీగారు ఖుత్బా చదవడానికి ముందు వకీలు, ఇద్దరు గవాహ్‌లు ఆడవాళ్ల గదికి వెళ్లి పెళ్లికూతురి ఇజాజత్ అడిగి వస్తారు. అప్పటికి బిర్యానీ దేగ్చాలు దించేసి ఉంటారు, బంధువులంతా దిగి ఉంటారు. తల వంచుకుని కూర్చున్న పిల్ల చెవిలో ఎవరో ఒక ఖాలా "ఊఁ అనమ్మా" అంటుంది. ఆ పిల్ల ఊఁ అంటుంది. అనకపోయినా అన్నట్టే లెక్క.

ఆ 'ఊఁ' గురించి మనం మాట్లాడుకోక తప్పదు. ముఖ్యంగా గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కుటుంబాల ఆడపిల్లల విషయంలో.

2017 జూలైలో సౌదీ ప్రభుత్వం వలస ఉద్యోగుల కుటుంబ సభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ల రుసుము పెట్టింది. ఏటా మరో 100 పెంచుతూ 2020 నాటికి దాన్ని 400 చేసింది. ముగ్గురు పిల్లలున్న చిరుద్యోగికి అది మోయలేని భారం. తండ్రి అక్కడే ఉండిపోయి తల్లీపిల్లలు స్వస్థలాలకు చేరిన ఇళ్లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. జెద్దాలోనో రియాద్‌లోనో బడికి వెళ్లిన అమ్మాయి మంగళగిరి లాంటి ఊరికి వచ్చి పడితే ఏమవుతుంది? తెలుగు తడబడుతుంది, వీధి కొత్త, చుట్టాలు కొత్త. అయినా చదువులో నిలదొక్కుకుంటుంది. కూతవేటు దూరంలో నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది, ఊళ్లోనే ఎయిమ్స్ ఉంది, 2007 నాటి చట్టంతో వచ్చిన బీసీ-ఈ నాలుగు శాతం రిజర్వేషన్ ఉంది. ఆ పిల్ల తానొక డాక్టరునో లెక్చరర్‌నో కావచ్చునని అనుకుంటుంది. సరిగ్గా అప్పుడే అబ్బా నుంచి వీడియో కాల్ వస్తుంది: మంచి సంబంధం కుదిరింది, వచ్చే సెలవులో నికాహ్ చేసేద్దాం.

ఎప్పుడో ఏడాదికో రెండేళ్లకో దొరికే సెలవు అది. ఆ పిల్ల పెళ్లి ముహూర్తాన్ని నిర్ణయించేది ఆమె చదువూ కాదు, మనసూ కాదు. కఫీల్ మంజూరు చేసే సెలవు.

ఆ తండ్రిని మేము దోషిగా నిలబెట్టడం లేదు. ఇరుకు గదిలో పదిమందితో పడుకుని రూపాయి రూపాయి పంపినవాడు. ఇంటి సంగతులు ఫోన్లో విన్నంతే ఆయనకు తెలిసేది, ఆ వినేవాటిలో సగం చుట్టాల గుసగుసలే. భయం ఆయనదొక్కడిదే కాదు. 2022లో ఉడుపి కళాశాల గేటు దగ్గర హిజాబ్ ధరించిన మన పిల్లలను ఆపేసిన దృశ్యాలు చూసి దేశంలో ఏ ముస్లిం తల్లి గుండె దడదడలాడలేదు? బయటివాళ్లు ఆ గేటు మూసినప్పుడు మనం చదువు హక్కు గురించి గొంతెత్తి అడిగాం. అదే చదువును ఇంటి లోపలి నుంచి మనమే గడియ పెట్టి ఆపితే, ఆ పిల్లకు తేడా ఏముంది?

ఇది మన సంప్రదాయమని చెబుతారు. ఏ సంప్రదాయం? ఈ పత్తి, మిరప నేలల్లో మన నూర్‌బాషా నానమ్మలు తాతలతో సమానంగా దూది పనిలో ఒళ్లు వంచారు, మిర్చి తొడిమలు తీసి కూలి తెచ్చారు. గడప దాటని ఆడపిల్ల అనే గౌరవం చాలా ఇళ్లకు డబ్బుతో పాటు ఈమధ్య వచ్చిందే. ఏ దేశాన్ని చూసి దాన్ని నేర్చుకున్నామనుకుంటామో ఆ సౌదీలోనే 2018 జూన్ 24 నుంచి స్త్రీలు కార్లు నడుపుతున్నారు. 2019 ఆగస్టులో, 21 ఏళ్లు నిండిన స్త్రీ సంరక్షకుని అనుమతి లేకుండానే పాస్‌పోర్టు పొందవచ్చని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. మన పిల్ల మాత్రం బస్సెక్కి విజయవాడ కోచింగ్‌కు వెళ్లాలంటే జెద్దా నుంచి అనుమతి రావాలి.

ఇక దీన్ సంగతి. ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి)కు ఇష్టం లేని నికాహ్‌ను ఆమె తండ్రి జరిపించగా, ఆమె దైవప్రవక్త (స) వద్దకు వెళ్లి చెప్పుకున్నారు. ఆయన ఆ నికాహ్‌ను రద్దు చేశారని సహీహ్ బుఖారీలో ఉంది. ఆమె అంతకుముందు పెళ్లయిన స్త్రీ కదా అని కొందరంటారు. కన్య విషయంలోనూ నిర్ణయాన్ని ఆ అమ్మాయికే వదిలిన ఉదంతం అబూ దావూద్ సంకలనంలో ఉంది. కన్య మౌనమే అంగీకారమన్న హదీసు మాత్రం మనకు బాగా గుర్తుంటుంది. సిగ్గుపడే పిల్లకు ఇచ్చిన వెసులుబాటు అది, అడగకుండా ఉండేందుకు పెద్దలకిచ్చిన సెలవు కాదు. బానిసత్వం నుంచి విముక్తి పొందిన బరీరా (రజి) భర్తను వద్దనుకున్నప్పుడు, మళ్లీ అతని దగ్గరికి వెళ్లమని ప్రవక్త (స) సూచించారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగారు. కాదు, సిఫారసు మాత్రమేనన్నారు. అయితే తనకు అతని అవసరం లేదన్నారామె. ప్రవక్త (స) సిఫారసును సైతం కాదనగల స్వేచ్ఛ ఆమెకుండగా, మన ఇళ్లలో చాచా సిఫారసు ఆజ్ఞగా చెలామణీ అవుతోంది.

కాబట్టి సంబంధం మాట వచ్చిన రోజే పిల్లను అడగండి. చుట్టాల ముందు కాదు, తల్లి ఒంటరిగా కూర్చోబెట్టుకుని అడగాలి. వద్దంటే సంబంధం అక్కడే ఆగాలి. ఒప్పుకుంటే, చదువు పూర్తి చేయనివ్వాలనీ ఉద్యోగానికి అడ్డు చెప్పరాదనీ నికాహ్‌నామాలోనే షరతుగా రాయించండి. షరతులు రాయించుకోవడం మన షరీఅత్‌కు కొత్త కాదు. ఆలిండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు కూడా 2005లో నమూనా నికాహ్‌నామా వెలువరించింది. మన రాష్ట్రంలో 2022 అక్టోబరులో మొదలైన షాదీ తోఫా పథకం సైతం వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలని నిబంధన పెట్టింది. ప్రభుత్వం పదో తరగతి దగ్గర ఆగింది. మన జమాత్ కమిటీలు, ఖాజీలు డిగ్రీ దాకా అడగవచ్చు కదా. నికాహ్ తేదీ రాసుకునే ముందే పిల్లతో ఎవరు మాట్లాడారని తండ్రిని ఒక్క మాట అడిగినా చాలు. ఆయన సెలవు ఎటూ మళ్లీ వస్తుంది.