చివరి మాట తల్లినుడిలో చెప్పుకోనివ్వండి

బడిలో తెలుగు, కార్యాలయంలో తెలుగు, నామఫలకంపై తెలుగు: సరిహద్దు జిల్లాలలో మనం ఇంతకాలం అడుగుతూ వచ్చినవి ఇవే. ఆస్పత్రి మంచం మీది తెలుగు గురించి మనం పెద్దగా ఆలోచించలేదు. మన నడుమ ఉన్న కతోలిక కుటుంబాలకు ఇది చాలా బరువైన విషయం.

మరణాపాయంలో ఉన్న కతోలికులు మూడింటిని కోరుకుంటారు: పాపసంకీర్తనం, అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం. చివరిసారి ఇచ్చే సత్ప్రసాదానికి లాటినులో ఉన్న పేరుకు దారిబత్తెం అని అర్థం. నుదుటిపై, చేతులపై పవిత్ర తైలం పూసే అభ్యంగనాన్ని గురువు తప్ప వేరెవరూ ఇవ్వరాదని 1983 నాటి శ్రీసభ చట్టంలోని 1003వ నియమం చెబుతోంది. అందుచేత గురువు గేటు దగ్గర ఆగిపోతే, ఇంటివారు ఎంత ప్రార్థించినా ఆ లోటు తీరదు.

కొన్నేళ్ల క్రితం మా మేనత్తను పొరుగు నగరంలోని ఒక ఆస్పత్రిలో చేర్చాము. మూడోనాటి ఉదయం ఆమె, "గురువుగారిని పిలిపించరా" అని అడిగింది. తెలుగు తెలిసిన గురువును వెతికి తీసుకువచ్చేసరికి మధ్యాహ్నమైంది. రోగులను చూసే వేళ సాయంత్రమేనని కాపలావారు ఆయనను ఆపివేశారు. విన్నపాలన్నీ ముగిసి ఆయన లోపలికి వెళ్లేసరికి అత్తకు మాట పడిపోయింది. తెలివిలో ఉండగా కోరుకున్నవారికి తెలివి తప్పిన తరువాత కూడా అభ్యంగనం ఇవ్వవచ్చు గనుక, అది జరిగింది. ఆమె చెప్పుకోదలచిన మాటలు మాత్రం ఆమెతోనే వెళ్లిపోయాయి.

స్థానిక భాష మాట్లాడే గురువు సరిపోడా అని కొందరు అడుగుతారు. తైలం పూయడానికి నిస్సందేహంగా సరిపోతాడు. పాపసంకీర్తనం సంగతి వేరు. దుబాసీ ద్వారా చెప్పుకోవడాన్ని 990వ నియమం అనుమతిస్తుంది. అయినా, అరవై ఏళ్లు గుండెలో దాచుకున్న మాటను కొడుకునో కోడలినో నడుమ నిలబెట్టుకొని ఎవరు చెప్పుకోగలరు? మనవారు బజారులో కన్నడమో తమిళమో మరాఠీయో ఒడియానో ధారాళంగా మాట్లాడతారు. ఊపిరి అందని వేళ నాలుక మీదికి వచ్చేది ఇంటి నుడే.

ఆస్పత్రుల ఇబ్బందులు నాకు తెలియనివి కావు. అంటువ్యాధుల భయం ఉంది, పక్క మంచాలవారికి ప్రశాంతత కావాలి, వైద్యుల పనికి అడ్డు రాకూడదు. ఇవన్నీ పాటిస్తూనే కొద్ది నిమిషాల్లో సంస్కారాలు ముగించవచ్చు. కరోనా కాలంలో అమెరికాలోని మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాల ఆస్పత్రులపై ఇటువంటి ఫిర్యాదులే వచ్చాయి. అక్కడి ఆరోగ్య శాఖ పౌరహక్కుల విభాగం జోక్యం చేసుకోగా, గురువులను తగిన జాగ్రత్తలతో లోపలికి అనుమతించేలా నిబంధనలు మారాయి. 2020 అక్టోబరులో ఆ ఫిర్యాదులు పరిష్కారమయ్యాయి. మహమ్మారి నడుమ సాధ్యమైనది మామూలు రోజుల్లో ఎందుకు సాధ్యం కాదు?

తనకు అర్థమయ్యే భాషలో వివరాలు తెలుసుకోవడం రోగి హక్కని మన జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. వినడానికి హక్కు ఉన్నవానికి చెప్పుకోవడానికి హక్కు ఉండవద్దా?

అందుకే ఈ కోరికలు. ఆస్పత్రిలో చేర్చుకునేటప్పుడే రోగి మాతృభాష ఏదో, ఆపద వేళ ఎవరిని పిలవమంటారో అడిగి రాసుకోవాలి. ప్రాణాపాయంలో ఉన్నవారి వద్దకు గురువును ఏ వేళనైనా పంపాలి. మేత్రాసనాలు తెలుగు తెలిసిన గురువుల ఫోను నంబర్లను ఆస్పత్రులకు అందజేయాలి. తులసితీర్థం కోరేవారికీ, కలిమా వినాలనుకునేవారికీ ఇవే తలుపులు తెరుచుకోవాలి.

కుటుంబాలకు ఒక మనవి. "అవస్థ అభ్యంగనం" అన్న పాత పేరు విని జడిసి, చివరి ఘడియ దాకా ఆగకండి. 1972లో ఆరవ పౌలు పోపుగారు ఆ సంస్కార విధిని సవరించారు; నేడది వ్యాధిగ్రస్తుల అభ్యంగనం. జబ్బు తీవ్రమని తెలిసిన నాడే, మాట ఆడుతుండగానే, గురువుకు కబురు పెట్టండి.