బుల్లి లారీ మీద దుమ్ము

కొత్త బండికి తొలి గీత పడిన రోజును ఎవరూ మరిచిపోరు. సందులో ఎదురొచ్చిన సైకిలు హ్యాండిల్ తగిలిందో, ఇంటి గేటే రాసుకుందో, గీత గోరంత, దిగులు కొండంత. ఆ పూట అన్నం కూడా సహించదు. అదే బండిని అరచేతిలో ఇమిడేంత చిన్నగా కట్టుకునేవాళ్ల దిగులు మాత్రం తిరగబడి ఉంటుంది. నెలల తరబడి కూర్చుని కట్టిన బండి పూర్తయింది. రంగు అద్దంలా మెరుస్తోంది. ఎక్కడా గీత లేదు, దుమ్ము లేదు, తుప్పు లేదు. ఇలా ఉంటే దీన్ని బండని ఎవరు నమ్ముతారు? అందుకని ఇంటిల్లిపాదీ పడుకున్నాక టేబుల్ లైటు కింద చేరి, నాలుగు వెంట్రుకల కుంచెతో తలుపు అంచున ఒక గీత పెడతారు. డీజిల్ ట్యాంకు మూత కింద ఒక మరక దిద్దుతారు. ఎండావానా ఏళ్ల తరబడి చేసే పనిని చెయ్యి కొన్ని రాత్రుల్లో చేసిపెడుతుంది. స్కేల్ మోడల్ కార్లు, లారీలు కట్టేవాళ్లు దీన్ని వెదరింగ్ అంటారు. మెరిపించడం వాళ్ల విద్యలో సగమే. మురికి పట్టించడం మిగతా సగం.

పిల్లల బొమ్మకు ఈ బాధ లేదు. ముంజెలు తినేసి పారేసిన రెండు తాటికాయలను పుల్లతో గుచ్చి, పంగలకర్రతో తోసుకుపోయే పిల్లవాడికి అది లారీయే. పోలిక ఎక్కడుందని అడిగితే, వాడి నోట్లో ఉంది. హారన్ వాడే, గేరు మార్చిన చప్పుడూ వాడే. బొమ్మలో లేనిదంతా వాడు ఊహలోంచి తెచ్చి పోస్తాడు. నమూనా కట్టే పెద్దవాడు ఆ హక్కు వదులుకుని వచ్చినవాడు. అతను ఊహించి ఊరుకుంటే చెల్లదు. చూసి, కొలిచి, చూసింది చూసినట్టు చెప్పాలి.

కొలత చెప్పడం సులువే. 1:24 అంటే అసలు బండిలో రెండడుగులు ఇక్కడ ఒక అంగుళం. ఇరవై నాలుగు అడుగుల లారీ ఒక్క అడుగులో ఒదుగుతుంది, ఆరడుగుల డ్రైవరు మూడంగుళాల మనిషి అవుతాడు. చిక్కంతా కొలతకు లొంగని వాటితోనే. రంగు చుక్క చిన్నది కాదు, ధూళి రేణువు చిన్నది కాదు. బుల్లి లారీ మీద రంగు పదోవంతు మిల్లీమీటరు మందాన పడిందంటే, అసలు లారీ మీద దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల పూత మెత్తినట్టు. సన్నని చెక్కడాలన్నీ దాని కింద పూడిపోతాయి. తడి రంగులో ఒక తలవెంట్రుక పడితే ఆ లోకంలో అది బట్టలారేసే తీగ. అందుకే పొగమంచులా పలచగా రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్, నీళ్లలో తడిపి రుద్దే సన్న ఉప్పుకాగితం, పూతకూ పూతకూ మధ్య రోజుల తరబడి ఓపిక. పెట్టెలో ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ కిట్లకు వాడే జిగురు కూడా మామూలు జిగురులా అంటించి ఊరుకోదు. రెండు అంచులనూ కాస్త కరిగించి ఒకటి చేస్తుంది. తొందరపడి తప్పుగా కలిపితే విడదీయడానికి ముక్క మిగలదు.

చిన్నదాన్ని కట్టాలంటే ముందు పెద్దదాన్ని విప్పాలి. జపాన్‌లోని షిజువోకాలో 1946లో కలప మిల్లుగా మొదలైన తమియా సంస్థ, ఆ తర్వాత ప్లాస్టిక్ నమూనాలకు పేరుమోసింది. 1976లో అది 1:12 కొలతలో పోర్షె 934 పందెం కారు కిట్ తెచ్చింది. ఫొటోలూ కొలతలూ చాలవనిపించి, సంస్థను పెంచి పెద్దచేసిన షున్‌సాకు తమియా ఒక పోర్షె 911 కారునే కొని భాగం భాగంగా విప్పించారు. 2025 జులైలో ఆయన కన్నుమూసినప్పుడు లోకమంతటా నమూనాలు కట్టేవాళ్లు తమ గురువే పోయినట్టు బాధపడ్డారు. చిన్నదాన్ని కట్టి పెద్దదాన్ని చేరినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో జనరల్ మోటార్స్‌కు చెందిన ఫిషర్ బాడీ విభాగం 1930 నుంచి 1968 వరకు కుర్రాళ్లకు నమూనాల పోటీ నడిపింది. మొదట్లో నెపోలియన్ కాలపు రాచబండిని అచ్చంగా చిన్నది చేసి చూపమన్నారు. 1937 నుంచి సొంత ఊహతో కార్లు చెయ్యమన్నారు. 1947లో గెలిచిన చక్ జోర్డాన్ అనే కుర్రాడు తర్వాత అదే జనరల్ మోటార్స్‌లో డిజైన్ విభాగానికి అధిపతి అయ్యాడు. ఇంట్లో బల్ల మీద చెక్క చెక్కిన చెయ్యే రోడ్డు మీది కార్ల రూపురేఖలు దిద్దింది.

ఉన్నది ఉన్నట్టు కట్టాక మనిషి ఊరుకోడు. తనదంటూ ఏదో కలపాలి. మిషిగన్‌లో కార్ల డీలర్లకు ప్రచార నమూనాలు చేసిపెడుతూ మొదలైన ఏఎంటీ సంస్థ ఈ గుట్టు పట్టేసింది. 1958లో అది తెచ్చిన కిట్ల పెట్టెలో ఒకే కారుకు మూడు జాతకాలుండేవి. షోరూంలో ఉన్నట్టు కట్టుకోవచ్చు, సొంతదారు సోకు చేయించుకున్నట్టు కట్టుకోవచ్చు, పందేనికి సిద్ధమైనట్టూ కట్టుకోవచ్చు. అప్పటికే కాలిఫోర్నియా షెడ్లలో కుర్రకారు పాత కార్ల పైకప్పులు కోసి, నేలకు దించి, కొత్త ఒళ్లు తొడుగుతున్నారు. ఆ విద్యలో దిట్ట అయిన జార్జ్ బారిస్ వంటివాళ్లను కిట్ల కంపెనీలు సలహాలకు పిలుచుకున్నాయి. అసలు కారు కొనే స్తోమత లేని పన్నెండేళ్ల పిల్లవాడు వంటింటి బల్ల మీద దాని పైకప్పు కోశాడు. తప్పు కోస్తే పోయేది ఒకటి రెండు డాలర్లే.

కార్ల వెనకే ట్రక్కులొచ్చాయి. పొడుగు ముక్కు పీటర్‌బిల్ట్ 359 ట్రక్కును 1:25 కొలతలో కట్టుకున్నవాళ్లు ఇప్పటికీ ఆ పెట్టె మీది బొమ్మను తలచుకుంటారు. జపాన్‌లో దీపాలూ మెరిసే లోహపు తొడుగులూ బొమ్మలూ నింపిన డెకోటోరా లారీలకు 1970ల్లో సినిమాలు ఊపునిస్తే, అయోషిమా సంస్థ వాటినీ కిట్లు చేసి అమ్మింది. ఒక పెట్టెలోని ఇంజను తీసి ఇంకో పెట్టెలోని బండికి బిగించడం, దొరకని భాగాన్ని ప్లాస్టిక్ రేకు కోసి చేసుకోవడం ఈ లోకంలో మామూలు సంగతి. 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో అంతరిక్ష నౌకల ఒంటినిండా కనిపించే గొట్టాలూ బుడిపెలూ చాలామటుకు ట్యాంకుల, కార్ల కిట్లలోంచి ఏరి అతికించినవే. ఎవరూ చూడని లోకంలోని ఎవరూ చూడని నౌకలను జనం ఎలా నమ్మారు? వాటికి మసి పట్టి ఉంది కాబట్టి. ఎవరో వాటిని వాడినట్టున్నారు కాబట్టి.

ఆ వాడకాన్ని తెచ్చే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. ముందుగా బండికి తుప్పురంగు వేస్తారు. దాని మీద జుట్టుకు కొట్టుకునే హెయిర్ స్ప్రే కొడతారు. దాని మీద అసలు రంగు. ఆరాక తడి కుంచెతో రుద్దితే నడిమి పొర మెత్తబడి, పైరంగు పెచ్చులుగా లేచి, కింది తుప్పు బయటపడుతుంది. అసలు బండికి రంగు ముందు, తుప్పు తర్వాత. ఇక్కడ తుప్పే ముందు. నల్లరంగును నీళ్లలా పలచన చేసి సందుల్లోకి పారిస్తే ఏళ్లనాటి జిడ్డు పేరుకుంటుంది. సుద్దముక్క గీకి పొడి చల్లితే దుమ్మవుతుంది.

చెయ్యి తిరగనివాడు ఇక్కడే దొరికిపోతాడు. ఎక్కడ పడితే అక్కడ తుప్పు పూస్తాడు. అప్పుడది పాతబండిలా కాదు, అమ్మవారు పోసిన బండిలా ఉంటుంది. అరుగుదలకు కారణం ఉండాలి. తుప్పు నీరు బోల్టు తల నుంచి కిందికే కారుతుంది, పక్కకు కారదు. అద్దం మీది దుమ్ములో వైపర్ తిరిగినంత మేర మాత్రమే తెల్లగా ఉంటుంది. ఎక్కే మెట్టు అంచున కాళ్లు రాసుకుని ఇనుము తళతళలాడుతుంది. తలుపు పిడి చుట్టూ రంగు పోతుంది. కిటికీ అంచు మీద, సరిగ్గా మోచెయ్యి ఆనే చోట, రంగు నునుపుదేలి కింది పూత కనిపిస్తుంది. అమెరికా ట్రక్కుకైతే అది ఎడమ తలుపు మీద, మన లారీకైతే కుడి తలుపు మీద.

బుల్లి లారీ సీట్లో చాలాసార్లు మనిషి ఉండడు. మూడంగుళాల మనిషిని చెయ్యడం కష్టం, చేసినా మైనపు బొమ్మలా బిగుసుకుని కూర్చుంటాడు. కానీ ఆ కిటికీ అంచున అరిగిన చోటు చూడగానే ఒకాయన కళ్ల ముందుకొస్తాడు. తెల్లవారుజామున ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక మోచెయ్యి కిటికీ మీద, నిద్ర ఆపుకుంటూ, ఇంకా ఎన్ని కిలోమీటర్లని మైలురాయి కోసం చూస్తూ. బండిని ఎంత జాగ్రత్తగా చూస్తే అంత దగ్గరగా మనిషి కనబడతాడు. నమూనా కట్టేవాడు ఇనుమునూ రబ్బరునూ గమనిస్తున్నాననుకుంటాడు. నిజానికి అతను గమనిస్తున్నది ఎవరిదో ఒళ్లు ఏళ్ల తరబడి ఆనుకున్న తీరును.

మన రోడ్ల మీద నిలబడితే ఈ చదువుకు కొదవ లేదు. గోదావరిఖని వైపు నుంచి వచ్చే లారీ బొగ్గు మసి కప్పుకుని వస్తుంది. తాండూరు నాపరాళ్లు మోసిన దాని తొట్టి అడుగున గీతలు చెప్తాయి. గుంటూరు మిర్చి బస్తాలు దింపిన లారీ దగ్గర నిలబడితే ముక్కు చెప్తుంది. కొల్లేటి వైపు నుంచి ఐసు పెట్టెలతో చేపలు మోసే బండికి వెనక తలుపు కిందే ముందు తుప్పు పడుతుంది, నీరు కారేది అక్కడే కనుక. దుమ్ము రంగు చూసి ఊరు చెప్పగలిగినవాడు ఆ రంగు కలపగలడు. ఊరు తెలియనివాడు ఎన్ని డబ్బాలు కొన్నా కలపలేడు.

పైగా మన లారీ చాలాకాలం పుట్టుకతోనే సగం బండి. కంపెనీ ఇచ్చేది ఇంజనూ ఛాసిసూ చక్రాలూ. పైకప్పు లేని, తలుపుల్లేని ఆ అస్థిపంజరాన్ని, మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఎండకూ వానకూ అడ్డం లేకుండా నడుపుకుంటూ డ్రైవర్లు వందల కిలోమీటర్లు వచ్చేవాళ్లు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వడ్రంగులూ వెల్డర్లూ పెయింటర్లూ కలిసి దానికి ఒళ్లు తొడిగేవాళ్లు. ముందు నుదుటి మీద దేవుడి పేరు, వెనక పిల్లల పేర్లు, పక్కన ఒక పువ్వు, బంపరు కింద నల్లతాడు, నిమ్మకాయ, మిరపకాయలు. ఒకే కంపెనీ లారీలు రెండు పక్కపక్కన నిలబడినా ఒకలా ఉండేవి కావు. అలాంటి బండికి ప్లాస్టిక్ కిట్ దొరకడం అరుదు. అందుకే మన కుర్రాళ్లు ఫోమ్ షీటూ అట్టా కోసి, చెప్పుల రబ్బరుతో చక్రాలు చేసి, లారీనో ఆర్టీసీ బస్సునో మొదటి నుంచీ తామే కట్టుకుంటారు. వాళ్లకు పెట్టె లేదు, కాగితం మీద కొలతలు లేవు. బస్టాండులో నిలబడి చూసిందే కొలత.

విజయవాడకు కూతవేటు దూరంలోనే కొండపల్లి ఉంది. అక్కడివాళ్లు తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, ఎడ్లబండి చేస్తారు. ఒకప్పుడు ఆ బొమ్మ కొన్నవాళ్ల ఇంటి ముందు అసలు బండి కూడా నిలబడి ఉండేది. ఇవాళ చాలా ఇళ్లలో పిల్లలు ఎడ్లబండిని మొదట చూసేది గూట్లోనే. చేసినవాళ్లు చరిత్ర రాద్దామనుకోలేదు. ఇంటి ముందున్నదాన్ని శ్రద్ధగా చూసి చేశారు, అంతే.

లారీ కూడా మారుతోంది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అని కేంద్రం నిబంధన తెచ్చింది. ఇంజను వేడికీ మే నెల ఎండకూ మధ్య ఉడికిపోయిన మనిషికి ఇది ఎప్పుడో దక్కాల్సిన చల్లదనం. ఇక అద్దాలు ఎత్తే ఉంటాయి. కిటికీ అంచున మోచెయ్యి ఆనదు, అక్కడ రంగు అరగదు. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో ఒక కుర్రాడు వాళ్ల నాన్న నడిపిన పాత లారీని 1:24 కొలతలో కట్టుకుంటాడు. రంగు వేస్తాడు, పిల్లల పేర్లు రాస్తాడు, అందులో తన పేరూ ఉంటుంది. చివర్లో సన్న కుంచె తీసుకుని కుడి తలుపు దగ్గర ఆగుతాడు. ఆ కిటికీ అంచున రంగు ఎంత మేర అరిగి ఉండేదో అతనికి ఏ ఫొటో చూడకుండానే గుర్తుంటుంది.